మన టెక్నికల్ సైట్‌కి ఏ సంస్థలోళ్లు వస్తాండారో కనుక్కునేది ఎట్ల

నాది అనంతపురం. బోరు మోటార్లు, సోలార్ పంపు కంట్రోలర్ల మీద చిన్న సైట్ నడుపుతాండా, ఎర్రర్ కోడ్‌లు, వైరింగ్, బోరులో నీళ్లు అడుగంటితే మోటార్ కాలిపోకుండా పెట్టే డ్రై రన్ సెట్టింగ్, అట్లాంటివి. రోజుకు ఎంతమంది వచ్చినారనే లెక్కతో నాకు పెద్ద పని లేదు, ఎవరొచ్చినారో కావాల. పొలంలో నిలబడి ఫోన్‌లో చూసే రైతుకు రాసేది వేరే, కాలేజీ ల్యాబ్‌లో కూర్చొని చదివే పిల్లోళ్లకు రాసేది వేరే కదా.

ముందు ఒక మాట, దీనికోసం గూగుల్ అనలిటిక్స్ మెనూలన్నీ ఎతకొద్దండి. ఒకప్పుడు దాంట్లో సర్వీస్ ప్రొవైడర్, నెట్‌వర్క్ డొమైన్ అని రిపోర్ట్‌లు ఉండేవి, యూనివర్సిటీల పేర్లు నేరుగా కనపడేవి. 2020 ఫిబ్రవరిలో ఆ వివరాలు ఆపేసినారు, ఆ పాత అనలిటిక్స్ కూడా 2023 జులైలో ఆగిపోయింది, ఇప్పుడుండే జీఏ4 (గూగుల్ అనలిటిక్స్ 4) ఐపీ అడ్రస్, అంటే ఇంటర్నెట్‌లో ఒక్కో కనెక్షన్‌కు ఉండే నంబర్, చూపించదు. పైగా ఇంజినీర్లలో చానామంది యాడ్ బ్లాకర్ పెట్టుకోనుంటారు, వాళ్లు అనలిటిక్స్ లెక్కలోకే రారు.

అసలు సరుకు సర్వర్ యాక్సెస్ లాగ్‌లో ఉంటాది, అంటే ఏ ఐపీ నుంచి ఏ పేజీ ఎప్పుడు తెరిచినారో సర్వర్ రాసుకునే ఫైల్. షేర్డ్ హోస్టింగ్ అయితే సీప్యానెల్ (హోస్టింగ్ వాళ్లిచ్చే కంట్రోల్ పేజీ)లో రా యాక్సెస్ అని ఉంటాది చూడండి, సొంత సర్వర్ అయితే ఎన్జింక్స్ లేదా అపాచీ (సైట్ నడిపే సర్వర్ సాఫ్ట్‌వేర్‌లు) లాగ్ ఫోల్డర్‌లోనే ఉంటాది. ఉబుంటులో మామూలుగా 14 రోజులకే పాతవి చెరిగిపోతాయి, కాబట్టి పాత లాగ్‌లను చెరిపే లాగ్‌రొటేట్ సెట్టింగ్ ఈరోజే చూసుకోండి. ఇంకోటి, సైట్ ముందర క్లౌడ్‌ఫ్లేర్ (చూసేవాళ్లకూ మన సర్వర్‌కూ మధ్యలో నిలబడే సర్వీస్) ఉంటే లాగ్ నిండా క్లౌడ్‌ఫ్లేర్ ఐపీలే పడతాయి, అసలు ఐపీ పడేటట్ల సెట్ చేసుకోవాల, నేనది తెలీక ఒక నెల లాగ్ వృథా చేసుకున్నా.

లాగ్ చేతికొచ్చినాక మొదట బాట్‌లను, అంటే మనుషులు కాకుండా తమంతట తామే పేజీలు తెరిచే ప్రోగ్రామ్‌లను, ఏరేయండి. గూగుల్‌బాట్ అని పేరు పెట్టుకున్నోళ్లంతా గూగుల్ కాదు, ఐపీకి రివర్స్ డీఎన్ఎస్ (ఐపీ నంబర్ నుంచి దాని డొమైన్ పేరు కనుక్కోవడం) చూసి, వచ్చిన పేరును మళ్లా ఐపీకి తిప్పి చూస్తే రెండూ కలవాల. అమెజాన్, అజూర్ లాంటి క్లౌడ్ ఐపీలను కూడా పక్కన పెట్టేయండి, ఎక్కువగా అవి మనుషులు కాదు.

మిగిలిన ఐపీలకు టెర్మినల్‌లో హోస్ట్ కమాండ్ కొట్టండి, ఐపీ పేరు అదే చూపిస్తాది. కొన్నింటికి కాలేజీ డొమైనే బయటపడుతుంది, ఏమీ రాకపోతే హూయిజ్ కొట్టండి, ఆ ఐపీ బ్లాక్ ఎవరి పేరు మీద ఉందో వస్తాది. ఐపీలు పంచే సంస్థలు వేరేవేరే ఉంటాయి, మన దేశం, ఆసియాలో చానా దేశాల ఐపీలు ఏపీనిక్, అమెరికావి ఆరిన్, యూరప్‌వి రైప్ రికార్డుల్లో ఉంటాయి. ఐపీలు వందల్లో ఉంటే మ్యాక్స్‌మైండ్ వాళ్ల జియోలైట్2 ఏఎస్ఎన్ డేటాబేస్ (ఏ ఐపీ ఏ నెట్‌వర్క్‌దో చెప్పే పట్టిక) ఉచితమే, అకౌంట్ చేసుకొని దించుకోని ఒక చిన్న స్క్రిప్ట్‌తో అన్నిటికీ ఒకేసారి నెట్‌వర్క్ పేర్లు తగిలించుకోవచ్చు.

ఇక్కడే తొందరపడి తప్పు లెక్క వేసుకుంటాం. జియో, ఎయిర్‌టెల్, బీఎస్ఎన్ఎల్ అని వస్తే దాని అర్థం ఆ కంపెనీలోళ్లు వచ్చినారని కాదు, ఆ కనెక్షన్ మీద ఎవరో వచ్చినారని మాత్రమే. కర్నూల్లోనో కడపలోనో ఒక కాలేజీ బీఎస్ఎన్ఎల్ ఫైబర్ వాడతాంటే మీకు బీఎస్ఎన్ఎల్ అనే కనపడుతుంది, కాలేజీ పేరు రాదు. ప్రభుత్వ విద్యాసంస్థలు చానా నేషనల్ నాలెడ్జ్ నెట్‌వర్క్ (విద్యా, పరిశోధన సంస్థల కోసం ప్రభుత్వం పెట్టిన ఇంటర్నెట్ నెట్‌వర్క్) మీద ఉంటాయి, అక్కడ కూడా ఒక్కోసారి ఆ నెట్‌వర్క్ పేరు దగ్గరే ఆగిపోతాం. కాబట్టి పేరు లేదంటే వాళ్లు రాలేదని కాదు, దొరికిన నాలుగు పేర్లనే గట్టిగా పట్టుకోండి.

పేరు దొరికినాక దాని పక్కన ఏ పేజీలు చూసినారు, ఎన్నిసార్లు తిరిగి వచ్చినారు, ఏ టైములో వచ్చినారు రాసుకోండి. సర్వర్ టైము యూటీసీ (ప్రపంచ ప్రామాణిక సమయం)లో ఉంటే మన టైము కోసం 5:30 గంటలు కలపండి. ఒక ఇంజినీరింగ్ కాలేజీ నుంచి వారం రోజులు వరసగా పగటిపూట నా డ్రై రన్ పేజీ ఒక్కటే తెరుస్తా వచ్చినారు, ప్రాజెక్ట్ పని అయ్యుంటుందనుకోని కరెంట్ సెన్సర్ వైరింగ్ బొమ్మ, లెక్క కట్టే పద్ధతి రెండూ ఆ పేజీలో చేర్చినా, మరుసటి వారం అదే నెట్‌వర్క్ నుంచి ఆ బొమ్మ డౌన్‌లోడ్ అయింది.

సంస్థ పేరు వరకే పోండి, లోపల మనిషి ఎవరా అని తవ్వొద్దు. ఐపీల జాబితా ఎవరికీ పంపొద్దు, బయట పెట్టొద్దు. నేనైతే సంస్థ పేరు, పేజీ, తేదీ ఒక షీట్‌లో ఎక్కించుకోని, ఆ పని కోసం తీసుకున్న లాగ్ కాపీని చెరిపేస్తా.