పాత బంగారు వాచీ కొనేముందు

ధర మాట తర్వాత, ముందు భూతద్దం తీయండి. వెనక మూత మీద, పట్టీ తగిలించే చోట ముద్రలు వెతకండి. 750 అంటే 18 క్యారెట్లు, 75 శాతం బంగారం. 1995 తర్వాతి స్విస్ వాచీల కేసుల (బయటి తొడుగుల) మీద సాధారణంగా సెయింట్ బెర్నార్డ్ కుక్క తల ముద్ర కూడా కనిపిస్తుంది. ముద్ర మసకబారి, అంచులు గుండ్రంగా మారాయంటే పాలిష్ ఎక్కువసార్లు పట్టించినట్టే. చాలామంది బోల్తా పడేది ఇక్కడే. తళతళలాడే వాచీ కంటే సన్నటి గీతలున్నదే నాకిష్టం.

సీరియల్ నంబరు కాగితాలతో అంకె అంకె పోల్చండి. బంగారు పట్టీని అడ్డంగా పట్టుకుంటే బాగా వేలాడిందా, లింకులు అరిగాయి. డయల్ మార్చారేమో అడగండి. మూత తెరిచి మూవ్‌మెంట్, అంటే లోపలి యంత్రం, చూపించనంటే బేరం ఆపేయండి. "ఇంకొకరు వస్తున్నారు" అని తొందరపెడితే టెన్షన్ పడకండి, రానివ్వండి.