టెంట్ లోపల తడి లీకేజీ కాకపోవచ్చు

కాజీపేటలో రైలెక్కి కొండల మీది గడ్డి మైదానాలకు మూడు నాలుగు రోజుల ట్రెక్కింగ్‌కు పోయే మన వరంగల్ పిల్లలకు ఒక మాట. వ్యూ బాగుందని టెంట్ గట్టు మీదే వేయకండి. అక్కడ గాలికి అడ్డంగా చెట్టూ చేమా ఉండవు, పిడుగుల భయం వేరు. అట్లని మరీ పల్లంలోకి దిగొద్దు. చల్లగాలి బరువు కాబట్టి రాత్రంతా నీళ్లలా జారి అక్కడే చేరుతుంది. గట్టుకు కాస్త దిగువన, గాలి తగలని వైపు చదునైన చోటు చూసుకోండి.

ఇంకోటి. 1000 మీటర్లు ఎక్కితే ఉష్ణోగ్రత సుమారు 6 డిగ్రీలు తగ్గుతుంది. ఆ చలికి భయపడి నేనూ జిప్పులన్నీ మూసేశాను. తెల్లారేసరికి పైనుంచి చుక్కలు, స్లీపింగ్ బ్యాగ్ కాళ్ల దగ్గర తడి. టెంట్ అమ్మినాయన్ని తిట్టుకున్నాను, పాపం. తీరా చూస్తే అది నా ఊపిరిలోని ఆవిరే, అన్నం గిన్నె మూత కింద పట్టే చెమట లాంటిది. పై కిటికీ నాలుగు వేళ్లంత తెరిచే ఉంచండి. తడి సాక్సులు లోపల ఆరేయకండి. పొద్దున మడతపెట్టే ముందు పాత కాటన్ తువ్వాలతో లోపలంతా తుడవండి, లేదంటే మర్నాడు రాత్రికి ఆ తడిలోనే పడుకోవాలి.