జట్టులో మీ మాటకు విలువ పెరగాలంటే

హోదా చిన్నదైనా పెద్దదైనా, పని చెడినప్పుడు పైవారికి మనమే సమాధానం చెప్పి, పని ఫలించినప్పుడు దాన్ని చేసినవారి చేతనే చెప్పించడం అలవాటు చేసుకోవాలి. 1979 ఆగస్టు 10న శ్రీహరికోట నుంచి ప్రయోగించిన తొలి ఎస్‌ఎల్‌వి-3 రాకెట్ బంగాళాఖాతంలో కూలినప్పుడు, విలేఖరుల ప్రశ్నలను ఇస్రో అధ్యక్షుడు సతీశ్ ధవన్ స్వయంగా ఎదుర్కొన్నారు. 1980 జులై 18న అదే శ్రేణి రాకెట్ రోహిణి ఉపగ్రహాన్ని కక్ష్యలో చేర్చినప్పుడు మాత్రం, విలేఖరులతో మాట్లాడే అవకాశాన్ని ప్రాజెక్టు సారథి అబ్దుల్ కలాంకు అప్పగించారు.

మీ తదుపరి సమీక్షా సమావేశంలో, ఒక భాగాన్ని పూర్తిచేసిన సహోద్యోగికి ముందురోజే చెప్పి, దాన్ని వారి చేతనే వివరింపజేయండి. పై అధికారికి పంపే ఈమెయిల్‌లో వారి పేరును, చేసిన పనిని మొదటి వాక్యంలోనే రాయండి. "అందరికీ ధన్యవాదాలు" అన్న మాట ఎవరికీ చెందదు. గడువు తప్పినప్పుడు ఎవరి పేరూ ఎత్తకుండా "బాధ్యత నాది, కొత్త తేదీ ఇది" అని చెప్పి, లోపం ఎక్కడ జరిగిందో ఆ వ్యక్తితో తర్వాత ఏకాంతంగా మాట్లాడండి. నా దృష్టిలో ఈ ఏకాంత సంభాషణే అన్నింటికంటే ముఖ్యం, ఎందుకంటే దాన్ని వదిలేస్తే బాధ్యత వహించడం కాస్తా తప్పును కప్పిపుచ్చడంగా మారి, అదే పొరపాటు మళ్లీ ఎదురవుతుంది.