సీప్లేన్ రేటింగ్ తెచ్చుకోవడం ఎలా? ఆ తర్వాత విమానం అద్దెకు దొరకాలంటే ఏం చేయాలి?

అమెరికాలో ప్రైవేట్ పైలట్ సర్టిఫికెట్ ఉన్నవాళ్లకు సీప్లేన్ రేటింగ్, అంటే నీటి మీద దిగి నీటి మీంచే ఎగిరే విమానం నడిపే అర్హత, రెండు మూడు రోజుల పని. రేటింగ్ చేతికొచ్చాక ఒంటరిగా నడుపుకోవడానికి సీప్లేన్ అద్దెకు దొరకడమే గగనం. అందుకే ఈ పనిని చివరి నుంచి మొదలుపెట్టమంటాను. ముందు అద్దె సంగతి తేల్చుకుని, ఆ తర్వాతే శిక్షణకు డబ్బు కట్టండి.

మొదట స్కూళ్లకు ఫోన్ చేయండి

రేటింగ్ ఇప్పించే స్కూళ్లు చాలానే ఉన్నాయి. రేటింగ్ వచ్చిన మర్నాడు విమానం తాళం చేతికిచ్చేవి మాత్రం బాగా తక్కువ. అడ్డం బీమా దగ్గరే పడుతుంది. నేల మీదైతే రెక్క కొనకో, చక్రానికో దెబ్బతో పోయే పొరపాటు నీటి మీద విమానాన్నే తలకిందులు చేస్తుంది. అందుకే ఫ్లోట్ల (చక్రాల బదులు విమానాన్ని నీటి మీద తేల్చే పడవలాంటి తొట్లు) మీద ఐదారు గంటల అనుభవానికి బీమా కంపెనీ ఒప్పుకోదు.

ఫోన్‌లో సూటిగా అడగండి: ఒంటరిగా అద్దెకు ఇస్తారా? ఇస్తే ఫ్లోట్ల మీద ఎన్ని గంటలు ఉండాలి, అందులో మీ విమానంలోనే ఎన్ని? పక్కన మనిషిని ఎక్కించుకోవచ్చా? ఏయే సరస్సుల్లో దిగనిస్తారు? ప్రమాదం జరిగితే నా జేబులోంచి ఎంత పోతుంది? మీకు ఇప్పటికే రెంటర్స్ ఇన్సూరెన్స్ (అద్దె విమానం నడిపేవాళ్లు తీసుకునే బీమా) ఉంటే అది సీప్లేన్‌కు వర్తిస్తుందో లేదో పాలసీ కాగితం తీసి చూసుకోండి.

అద్దెకు ఇచ్చే స్కూలు దొరికిందా, అక్కడే, ఆ విమానంలోనే నేర్చుకోండి. ఎక్కడో చవకగా రేటింగ్ తెచ్చుకుని ఇక్కడికొస్తే గంటల లెక్క మళ్లీ మొదటి నుంచి పెట్టొచ్చు.

రూలు ఏమంటుంది?

అమెరికా విమానయాన నియంత్రణ సంస్థ ఎఫ్ఏఏ నిబంధనల్లో 61.63 సెక్షన్ ఇక్కడ వర్తిస్తుంది. ల్యాండ్ రేటింగ్ (నేల మీద దిగే విమానాలు నడిపే అర్హత) ఉన్న ప్రైవేట్ పైలట్‌కు ఇన్ని గంటలు ఎగరాలన్న కనీస లెక్క లేదు, రాత పరీక్షా లేదు. మీరు సిద్ధమని ఇన్‌స్ట్రక్టర్ లాగ్‌బుక్‌లో ఎండార్స్‌మెంట్ (ధ్రువీకరణ) రాస్తారు. తర్వాత ఎగ్జామినర్ దగ్గర నోటి ప్రశ్నలు, చెక్‌రైడ్ (విమానం నడిపి చూపే పరీక్ష). అది పాసైతే సర్టిఫికెట్ మీద 'ఎయిర్‌ప్లేన్ సింగిల్ ఇంజిన్ సీ' చేరుతుంది. రెండేళ్లకోసారి చేయించుకోవాల్సిన ఫ్లైట్ రివ్యూ కూడా దాంతోనే తీరిపోతుంది. పక్కనున్న కెనడాలో పద్ధతి వేరు: 7 గంటల శిక్షణ తప్పనిసరి, అందులో ఒంటరిగా 5 టేకాఫ్‌లు, ల్యాండింగ్‌లు ఉండాలి.

శిక్షణలో ఏం నేర్చుకుంటారు?

సీప్లేన్‌కు నీటి మీద బ్రేకులు లేవు. నాకు తెలిసి పైలట్ బుర్రకు ఎక్కడానికి ఎక్కువ సమయం పట్టేది ఇదే. ఇంజిన్ అందుకున్న క్షణం నుంచి విమానం కదులుతూనే ఉంటుంది. ఫ్లోరిడాలోని వింటర్ హేవెన్‌లో పైపర్ కబ్‌ల మీద నేర్పుతారు. కబ్ ఇంజిన్ స్టార్ట్ చేయాలంటే ఫ్లోట్ మీద నిలబడి ప్రొపెల్లర్‌ను చేత్తో తిప్పాలి. కాబట్టి తాడు విప్పకముందే గాలి ఎటు, పడవలు ఎటు, మనం ఎటు అన్నది మనసులో స్థిరపడి ఉండాలి.

రోజు మొదలయ్యేది ఫ్లోట్లలో నీళ్లు తోడటంతో. ఫ్లోట్ లోపల నీరు చొరని అరలుంటాయి. అర మీది రబ్బరు బంతి మూత తీసి, చేతి పంపు పెట్టి లాగాలి. నిన్న నాలుగు లాగులకు ఖాళీ అయిన అర ఇవాళ ముప్పై లాగులైనా ఇంకా నీళ్లు కక్కుతుంటే, ఎక్కడో చీలిక ఉన్నట్టే. ఎగరొద్దు.

నీటి మీద నడక మూడు రకాలు. మెల్లగా ఐడిల్ టాక్సీ, ముక్కు పైకెత్తి దున్నుకుంటూ పోయే ప్లో టాక్సీ, నీటి పైపైన జారిపోయే స్టెప్ టాక్సీ. గాలి బలంగా ఉంటే ఇంజిన్ ఆపేసి తెరచాప పడవలా వెనక్కి కొట్టుకుపోతూ దారి మళ్లించే విద్య కూడా ఉంది. టేకాఫ్‌కూ ల్యాండింగ్‌కూ ముందు నీటి చుక్కాని పైకి లాగడం మరవకూడదు.

నన్ను బాగా భయపెట్టింది అద్దంలాంటి నీరు. అలల్లేని ప్రశాంతమైన సరస్సు మీద దిగడం సులువనుకుంటాం. తీరా పైనుంచి చూస్తే అందులో ఆకాశమే కనబడుతుంది. నీరు పది అడుగుల కింద ఉందో యాభై అడుగుల కింద ఉందో కళ్లు చెప్పలేవు. అందుకే అక్కడ ఫ్లేర్ చేయరు, అంటే తాకబోయే ముందు చివరి క్షణంలో ముక్కు పైకెత్తరు. ఒడ్డున చెట్లు కనబడుతుండగానే, సుమారు 200 అడుగుల ఎత్తులో, ముక్కును కాస్త పైకెత్తి ల్యాండింగ్ భంగిమలో పెట్టి, కాస్త పవర్ ఉంచి, నిమిషానికి 150 అడుగులకు మించకుండా దిగుతూ పోవాలి. ఫ్లోట్లు నీటిని తాకేదాకా ఆ భంగిమ మార్చొద్దు. లెక్క వేయండి: 200 అడుగులు దిగడానికి 80 సెకన్లు. 60 నాట్ల వేగంతో ఆలోపు నాటికల్ మైలు దాటిపోతుంది. చిన్న చెరువులో ఇది కుదరదు.

డాక్ చేరేటప్పుడు ఇంజిన్ ముందుగానే ఆపేసి, మిగిలిన ఊపుతో రావాలి. తలుపు తీసి, ఫ్లోట్ మీదికి దిగి, తాడు చేత్తో పట్టుకుని ఉండాలి. ఊపు చాలకపోతే తెడ్డు వేసుకోవచ్చు, ఎక్కువైతే మాత్రం దిక్కులేదు.

మీరు అద్దెకు తీసుకోబోయేది చక్రాలూ ఉన్న ఆంఫీబియన్ అయితే ఒక్క మాట. చక్రాలు కిందికి దిగి ఉండగా నీటి మీద వాలితే విమానం పల్టీ కొడుతుంది. ప్రతిసారీ "నీటి మీద దిగుతున్నాను, చక్రాలు పైకి ఉన్నాయి" అని గొంతెత్తి చెప్పి, కళ్లతో చూసి నిర్ధారించుకోండి. లైఫ్ జాకెట్‌ను క్యాబిన్ లోపల ఊదొద్దు, బయటపడ్డాకే ఊదాలి. లోపలే ఊదితే అది మిమ్మల్ని పైకి అదిమేసి తలుపు దాకా పోనివ్వదు.

రేటింగ్ వచ్చాక

స్కూలు అడిగిన గంటలు ఇన్‌స్ట్రక్టర్‌తోనే పూర్తి చేయండి. ఆ గంటలను గాలి రోజుల్లో, ఇరుకు రేవుల్లో, అలల మీద ఖర్చుపెట్టండి. ఎక్కడా అద్దె కుదరకపోతే నలుగురైదుగురు కలిసి ఒక విమానం కొనుక్కోవడం నిజమైన దారి.

ప్రయాణికులను ఎక్కించుకోవాలంటే గత 90 రోజుల్లో మూడు టేకాఫ్‌లు, మూడు ల్యాండింగ్‌లు సీప్లేన్‌లోనే చేసి ఉండాలి. నేల మీద చేసినవి ఈ లెక్కలోకి రావు.

నీళ్లున్న ప్రతిచోటా దిగనివ్వరు. ఒక్కో సరస్సు మీద అధికారం రాష్ట్రానిదో, ఊరిదో, పార్కుదో అయివుంటుంది. ఈ వివరాలకు సీప్లేన్ పైలట్స్ అసోసియేషన్ వాళ్ల వాటర్ ల్యాండింగ్ డైరెక్టరీ పనికొస్తుంది. దిగాక మీరు విమానమే కాదు, పడవ కూడా. పడవల దారి నియమాలు మీకూ వర్తిస్తాయి.

తిరిగి అప్పగించేటప్పుడు నీటి చుక్కాని తీగలకు చుట్టుకున్న నాచును చేత్తో లాగేయండి. ఒక సరస్సు కలుపు మరో సరస్సును పాడుచేసేది అలాగే. ఉప్పునీటిలో దిగి ఉంటే మంచినీళ్లతో కడగండి. ఫ్లోట్లు తోడి, ఏ అరలో ఎన్ని లాగులు పట్టాయో తర్వాత తీసుకెళ్లేవాళ్ల కోసం రాసిపెట్టండి.