పొలార్డ్ రో లూప్ ఎందుకు ఆగలేదంటే

1000000016000000063ని ప్రధాన కారణాంకాలుగా విడగొట్టాలి. 2, 3, 5 అంటూ వరసగా భాగించుకుంటూ పోతే వంద కోట్ల దాకా వెళ్లాలి. అందుకే 1975లో జాన్ పొలార్డ్ ప్రచురించిన రో అనే కారణాంకాల పద్ధతికి మారి ప్రోగ్రామ్ రాశాను. ఇందులో ప్రతి అడుగులో ఎక్స్ అనే విలువని వర్గం చేసి, ఒక స్థిరాంకం కలిపి, ఆ పెద్ద సంఖ్యతో భాగించి శేషం తీసుకోవాలి. కొన్ని పదివేల అడుగుల్లో తేలాల్సింది, లూప్ ఆగనే లేదు. ఒకటే టెన్షన్!

ప్రతి అడుగులో ఎక్స్ విలువ ప్రింట్ చేసి చూస్తే మైనస్ సంఖ్యలు కనిపించాయి. దొరికింది! ఎక్స్ వర్గం 37 అంకెల దాకా పోవచ్చు, 64 బిట్లలో పట్టదు. శేషం తీయకముందే విలువ పాడవుతోంది. ఆ ఒక్క గుణకారం 128 బిట్లలో చేశాను. వెంటనే 1000000007, 1000000009 వచ్చాయి. ఎంత ఆనందమో!

ప్రధాన సంఖ్య ఇస్తే మాత్రం ఇది కారణాంకం ఎప్పటికీ ఇవ్వలేదు, ముందు సంఖ్య ప్రధానమో కాదో చూసే మిల్లర్-రాబిన్ పరీక్ష పెట్టుకోండి.

పెద్ద సంఖ్యల్ని విడగొట్టడం కష్టమన్న దాని మీదే నిలబడ్డ ఆర్‌ఎస్‌ఏ ఎన్‌క్రిప్షన్‌ని ఇది ఛేదించలేదు. 250 అంకెల ఆర్‌ఎస్‌ఏ-250 అనే సంఖ్యని 2020లో నంబర్ ఫీల్డ్ సీవ్ అనే వేరే పద్ధతితో విడగొట్టారు. 2048 బిట్ల కీకి 617 అంకెలుంటాయి.