సాయంత్రం మందు లేకుండా సేదతీరడం ఎలా?

మందు తగ్గించుకుందామని ఎవరైనా అంటే మనవాళ్లిచ్చే సలహా ఒక్కటే, "దాని బదులు ఓ కూల్‌డ్రింకు తాగరాదూ" అని. ఆ సలహా పనిచేయదు. కూల్‌డ్రింకు రెండు నిమిషాల్లో ఖాళీ అయిపోతుంది, ఆ తీపికి మొహం మొత్తుతుంది, మిగతా గంటన్నర ఏం చేయాలో తోచదు, ఇంక చెయ్యి పాత సీసా వైపే పోతుంది. కావాల్సింది మెల్లగా తాగక తప్పని పానీయం. పుల్లగానో, ఘాటుగానో, కాస్త చేదుగానో ఉండి గుక్కకీ గుక్కకీ మధ్య ఆగేలా చేసేది. ఒడిశాలో బరంపురం, పర్లాకిమిడి, గుణుపురం, రాయగడ వైపు ఉన్న తెలుగువాళ్లకి ఇలాంటివి వెతుక్కోనక్కర్లేదు, ఎందుకంటే మన ఉత్తరాంధ్ర వంటిల్లూ పక్కింటి ఒడియా వంటిల్లూ రెండూ మనకి అలవాటే.

ఇది ఎవరికి కాదో ముందు చెప్పాలి

రోజూ గట్టిగా తాగేవాళ్లు, పొద్దున లేవగానే చేతులు వణికి ఒక గుక్క పడితేగానీ కుదుటపడనివాళ్లు, ఇది చదివి రేపటి నుంచి ఒక్కసారిగా మానేయకండి. ఆఖరి గ్లాసు తర్వాత కొన్ని గంటల్లోనే వణుకు, చెమటలు, గుండెదడ మొదలవుతాయి. మొదటి రెండు రోజుల్లో ఫిట్స్ రావచ్చు. ఆ తర్వాత కొందరికి మతి తప్పి లేనివి కనబడతాయి, అది ప్రాణం మీదికి తెచ్చే స్థితి. వీళ్లకి కావాల్సింది డాక్టరు. మందులిచ్చి, దగ్గరుండి మాన్పిస్తారు. ఎక్కడికెళ్లాలో తెలియకపోతే ప్రభుత్వ మానసిక ఆరోగ్య హెల్ప్‌లైన్ టెలి మానస్ 14416కి గానీ, మత్తు మానాలనుకునేవాళ్ల కోసం ఉన్న 14446కి గానీ ఫోన్ చేయండి. డబ్బులు పడవు. టెలి మానస్‌లో భాష ఎంచుకునే వీలుంది, తెలుగులోనే మాట్లాడుకోవచ్చు.

మిగతావాళ్ల కోసం, అంటే శనివారం సిట్టింగో, ఆఫీసు టెన్షన్ దిగడానికి రెండు పెగ్గులో అలవాటైనవాళ్ల కోసం ఈ పద్ధతి.

టెన్షన్ దిగడం గురించి ఒక లెక్క చెప్తాను. మామూలు విస్కీ 30 మిల్లీలీటర్ల పెగ్గులో సుమారు 10 గ్రాముల ఆల్కహాల్ ఉంటుంది, కాలేయం గంటకి దాదాపు అంతే కరిగించగలదు. ఎనిమిది నుంచి పది లోపు నాలుగు పెగ్గులు పడితే, అది ఒంట్లోంచి పోయేసరికి రాత్రి ఒంటిగంటో రెండో అవుతుంది. అంతసేపూ మత్తుకి తట్టుకుని నిలబడటానికి మెదడు తనని తాను ఉద్రేకంలో పెట్టుకుంటుంది, మత్తు పోయినా ఆ ఉద్రేకం మిగిలిపోతుంది. అందుకే అర్ధరాత్రి దాటాక మెలకువ వచ్చేస్తుంది, గుండె కొట్టుకుంటుంది, నోరెండిపోతుంది, పొద్దున్నే చిరాకు. టెన్షన్ దింపుకోవడానికి తాగినవాడికి మర్నాడు టెన్షన్ ఇంకా ఎక్కువవుతుంది. ఇది గుర్తుంటే మిగతాది తేలిక.

ముందు కడుపు చూసుకోండి

తాగాలనిపించే వేళ చాలామందికి ఆకలి వేళే. మధ్యాహ్నం ఒంటిగంటకి తిని, రాత్రి ఏడు దాకా టీలతో లాగించి, ఖాళీ కడుపుతో ఇంటికొచ్చినవాడికి ఏ పానకమూ ఆనదు. అయిదున్నర, ఆరు మధ్య ఏదో ఒకటి తినేయండి. గుప్పెడు ఉడకబెట్టిన వేరుశనగ చాలు. అంతకంటే మంచిది చోడి (రాగి) అంబలి: చోడి పిండి జారుగా కాచి, రాత్రంతా ఉంచి, మర్నాడు మజ్జిగ కలిపి, ఉల్లిపాయ, పచ్చిమిర్చి నంజుకుని తాగడం. కొరాపుట్ వైపు దీన్నే మాండియా పేజ్ అంటారు, అక్కడ వేసవంతా పొలం పనివాళ్లని నిలబెట్టేది ఇదే. ఒక గ్లాసు తాగాక ఆ ఏడు గంటల గుంజుడు సగం తగ్గుతుంది, నిజంగా.

సాయంత్రం టీ, కాఫీ కూడా కాస్త తగ్గించండి. కెఫీన్ సగం తగ్గడానికే అయిదు గంటల దాకా పడుతుంది. కొరాపుట్ కాఫీ ఎంత బాగున్నా మధ్యాహ్నం మూడు లోపే తాగేయాలి, లేకపోతే నిద్ర పట్టక, నిద్ర కోసం మళ్లీ మందు గుర్తొస్తుంది.

గ్లాసులో ఏం పోసుకోవాలి

నా ఓటు మొదట మొగలి నిమ్మసోడాకి. గంజాం మొగలిపువ్వుకి, దాన్నుంచి తీసే గాఢమైన సువాసన తైలం రూహ్‌కి జీఐ గుర్తింపు, అంటే ఫలానా ప్రాంతం సరుకేనని చెప్పే ముద్ర, ఉంది, ఛత్రపురం చుట్టుపక్కల బట్టీల్లో ఆ పువ్వుని మరిగించి సువాసన తీస్తారు. ఇంత దగ్గర్లో ఉండి మనం దాన్ని మిఠాయిలకే వదిలేశాం. పొడుగు గ్లాసులో ఒక నిమ్మకాయ పిండి, చిటికెడు నల్లుప్పు, దంచిన మిరియాలు నాలుగు, నలిపిన పుదీనా ఆకులు నాలుగైదు వేసి, ఐసు పెట్టి, చక్కెర లేని ఉత్త సోడా పోయండి. ఆఖర్న మొగలి నీళ్లు రెండు మూడు చుక్కలు. అంతకు మించితే సబ్బు తాగినట్టుంటుంది. కొనేటప్పుడు తినేవాటిలో వాడే మొగలి నీళ్లే అడగండి. అత్తరు కొట్టులో దొరికేది ఒంటికి రాసుకోవడానికి, తాగడానికి కాదు. వాసన ముందు ముక్కుకి తగులుతుంది, తర్వాత పులుపు, చివర్న గొంతులో మిరియం, కాబట్టి ఎవరూ దీన్ని గటగటా తాగలేరు.

వేసవిలో మారేడు పణా. ఏప్రిల్ నడుమ వచ్చే పణా సంక్రాంతికి ఒడియావాళ్లు చేసేది, బరంపురంలో మన ఇళ్లల్లోనూ చాలామంది చేస్తారు. పండిన మారేడుకాయ పగలగొట్టి గుజ్జు తీసి, నీళ్లలో అరగంట నానబెట్టి, చేత్తోనే పిసికి వడగట్టాలి. మిక్సీలో వేయకండి, గింజలు నలిగితే చేదెక్కుతుంది. పండక్కి చేసేదాంట్లో అరటిపండు, ఛెనా (పాలు విరిచి తీసిన ముద్ద), కొబ్బరి, బెల్లం అన్నీ పడతాయి. సాయంత్రం సేదతీరడానికి మాత్రం బెల్లం సగం తగ్గించి, మిరియాల పొడి, ఏలకులు, కాస్త కొబ్బరి కోరు చాలు. చిక్కగా ఉంటుంది కాబట్టి దానంతటదే మెల్లగా తాగిస్తుంది. షుగర్ ఉన్నవాళ్లు బెల్లం మానేయాలి, మారేడు గుజ్జు తీపి కూడా లెక్కలోకి తీసుకోవాలి.

చింతపండుతో ఇంకోటి. నిమ్మకాయంత చింతపండు నానబెట్టి పిండి, వేయించిన జీలకర్ర పొడి, శొంఠి, చిటికెడు ఉప్పు, కొంచెం బెల్లం కలిపి చిక్కటి రసంలా ఫ్రిజ్‌లో పెట్టుకుంటే మూడు నాలుగు గ్లాసులకి వస్తుంది. కావాల్సినప్పుడు సోడా కలుపుకోవడమే. పచ్చిమిర్చి ఒకటి నిలువునా చీల్చి గ్లాసులో వేస్తే ఆ ఘాటు రమ్ము తాగేవాళ్లకి నచ్చుతుంది.

మజ్జిగ గురించి కొత్తగా చెప్పక్కర్లేదు: అల్లం, కరివేపాకు, ఇంగువ. బీపీ ఉంటే ఉప్పు తగ్గించండి. చలికాలం గజపతి, కొరాపుట్ కొండల మీద చల్లటివి ఎలాగూ సయించవు, అప్పుడు శొంఠి, ధనియాలు, మిరియాలు మరిగించి, దించాక నిమ్మరసం పిండిన వేడి కషాయం స్టీలు గ్లాసులో పట్టుకుని కూర్చోండి.

కొట్టులో కొనేవి

సీసా మీద నాన్ ఆల్కహాలిక్ అని ఉంటే అస్సలు లేదని కాదు. మన దేశంలో 0.5 శాతం దాటితేనే ఆల్కహాల్ పానీయం కింద లెక్క, కాబట్టి అంతకు తక్కువ ఉండొచ్చు. 0.0 అని రాసినవి వేరు. గర్భిణులు, కాలేయం దెబ్బతిన్నవాళ్లు, మతం వల్ల ముట్టనివాళ్లు ఈ తేడా చదివి కొనుక్కోవాలి. పూర్తిగా మానేసి ఇంకా నిలదొక్కుకుంటున్నవాళ్లు 0.0 బీరుకి కూడా దూరంగా ఉండటమే మంచిదని నా గట్టి అభిప్రాయం. ఆ రుచి, ఆ వాసన, ఆ సీసా ఆకారం పాత కోరికని లేపుతాయి. కూల్‌డ్రింకుల సంగతంటారా, 300 మిల్లీలీటర్ల కోలాలో సుమారు 30 గ్రాముల చక్కెర, అంటే ఏడు చెంచాల దాకా. నీరా కూడా జాగ్రత్త. తెల్లవారుజామున దించినది అప్పటికప్పుడు తాగితేనే నీరా, ఎండెక్కే కొద్దీ పులిసి కల్లయిపోతుంది. జీలుగు చెట్టుదీ అంతే.

నలుగురిలో కూర్చున్నప్పుడు

కష్టమైన మెట్టు ఇదే. ఇంట్లో ఒంటరిగా నెగ్గుకొచ్చినవాళ్లు పెళ్లిలోనో, బరంపురంలో రెండేళ్లకోసారి వచ్చే అమ్మవారి జాతర ఠాకురాణి యాత్రకి చుట్టాలంతా దిగినప్పుడో ఓడిపోతారు. వెళ్లగానే, ఎవరూ అడక్కముందే మీ గ్లాసు మీరు నింపుకోండి. ఖాళీ చేతిని చూస్తేనే మనవాళ్లకి పోయాలనిపిస్తుంది. "ఒక్క పెగ్గే కదా బావా" అంటే "నాకివాళ ఇదే బావా, నువ్వు కానీ" అనేసి మాట మార్చండి. కారణాలు చెప్పకండి. లివరనీ, మాత్రలనీ మొదలుపెడితే అక్కడ ప్రతివాడూ డాక్టరైపోయి వాదిస్తాడు. రెండోసారీ మూడోసారీ బలవంతపెడితే అదే వాక్యం, అదే నవ్వుతో చెప్పండి. మంచింగ్ మాత్రం మానక్కర్లేదు. కాల్చిన బరంపురం అప్పడం, ఉల్లిపాయ, నిమ్మకాయ పిండిన శనగలు మీ సోడాకీ బాగానే నప్పుతాయి.

పిలిచేది మీరే అయితే ఇంకో బాధ్యత ఉంది. మందు ముట్టనివాళ్లకి ఏదో సీసా ఓ మూల పెట్టి, పిల్లలతో పాటు వాళ్లనీ అక్కడికి పంపేయకండి. మొగలి సోడా, చింతపండు రసం అదే బల్ల మీద, అవే మంచి గ్లాసుల్లో, అదే ఐసుతో పెట్టండి, ఎవరి గ్లాసులో ఏముందో చూసేవాళ్లకి తెలియకూడదు. నలుగురు తాగేవాళ్లుంటే ఇవి కనీసం ఎనిమిది గ్లాసులకి సరిపడా కలిపి ఉంచండి, ఎందుకంటే రెండో రౌండుకి తాగేవాళ్లూ ఇవే అడుగుతారు.