పెద్ద టైర్లు వేశాక డీజిల్ పికప్ అసలు మైలేజీ ఎంత? ఇలా లెక్క కట్టండి

"లీటరుకు పదమూడు ఇచ్చే బండి, పెద్ద టైర్లు వేయించగానే పదకొండుకి పడిపోయింది." పికప్ ఉన్నవాళ్లు తరచూ అనే మాట ఇది. మైలేజీ తగ్గే మాట నిజమే కానీ, మరీ అంత తగ్గదు. అందులో కొంత మీటరు చెప్పే అబద్ధం. ముందు ఆ అబద్ధాన్ని తీసేస్తే, డీజిల్ ఎటు పోతోందో తెలుస్తుంది. తిరుపతి జిల్లా శ్రీసిటీలో తయారయ్యే ఇసుజు వీ-క్రాస్‌నే తీసుకుందాం. 18 అంగుళాల రిమ్ము మీద 255/60 టైర్లు తీసేసి 265/65 వేశామనుకుందాం. మొదటి అంకె మిల్లీమీటర్లలో టైరు వెడల్పు, రెండోది ఆ వెడల్పులో టైరు గోడ ఎత్తు ఎంత శాతమో చెబుతుంది.

మొదటి పని: పాత టైర్లతోనే లెక్క రాసుకోండి

ట్యాంకు నింపండి, రీడింగ్ రాసుకోండి. మూడు నాలుగు వందల కిలోమీటర్లు తిరిగాక అదే బంకులో మళ్లీ నింపండి. డీజిల్ నురగ కడుతుంది కాబట్టి నాజిల్ మొదటిసారి ఆగగానే సరిపెట్టుకోకండి. నురగ దిగేదాకా ఒక నిమిషం ఆగి, మళ్లీ పట్టించి, రెండోసారి ఆగినప్పుడు ఆపేయండి. ప్రతిసారీ ఇదే పద్ధతి. కనీసం మూడు ట్యాంకుల సగటు ఉంటేనే ఆ అంకెను నమ్మవచ్చు. డ్యాష్‌బోర్డు చూపించే మైలేజీని పక్కన పెట్టండి. అది కూడా చక్రం ఎన్నిసార్లు తిరిగిందన్న లెక్క మీదే నడుస్తుంది.

రెండో పని: టైరు ఎత్తు తేల్చండి

రిమ్ము అంగుళాలను 25.4తో గుణిస్తే 457 మిల్లీమీటర్లు. దానికి టైరు గోడ ఎత్తు రెండుసార్లు కలపాలి. 255లో 60 శాతం 153, రెండు వైపులా 306. మొత్తం 763. కొత్త టైరుకు ఇదే లెక్క వేస్తే 802 వస్తుంది. అంటే 5 శాతం పెద్దది. చక్రం ఒక చుట్టు తిరిగితే బండి 5 శాతం ఎక్కువ దూరం పోతుంది, మీటరుకు మాత్రం ఆ సంగతి తెలియదు.

ఇది కాగితం మీది లెక్క. బరువు పడ్డాక టైరు కొంచెం నొక్కుకుంటుంది కాబట్టి రోడ్డు మీద ఒకసారి సరిచూసుకోండి. హైవే మీద కిలోమీటరు రాళ్ల ప్రకారం 50 కిలోమీటర్లు నడిపి, మీటరు ఎంత చూపిందో రాసుకోండి. 47.6 దగ్గర్లో చూపితే మన లెక్క సరిపోయినట్టే.

ఇప్పుడు మీటరు 400 చూపింది, 36 లీటర్లు పట్టింది అనుకోండి. చూడగానే 11.1. కానీ నిజంగా తిరిగింది 420, కాబట్టి అసలు మైలేజీ 11.7. పదమూడుతో పోల్చి దాదాపు 15 శాతం పోయిందనుకున్నది 10 శాతానికి వచ్చింది.

ఆ పదీ ఎటు పోతోంది?

ఇక్కడ మీరు తిరిగే రోడ్డును బట్టి జవాబు మారుతుంది. ఊళ్లో సిగ్నల్ సిగ్నల్‌కీ ఆగే బండికి టైరు బరువే పెద్ద భారం. ఆ బరువు చక్రం అంచున ఉంటుంది కాబట్టి ప్రతిసారీ కదిలించడానికి ఎక్కువ డీజిల్ కాలుతుంది. పైగా టైరు పెద్దదైతే గేర్లన్నీ కాస్త బరువెక్కినట్టే. నాలుగో గేరులో లాగే చోట మూడో గేరు వేయాల్సి వస్తుంది.

హైవే మీద అదే వేగానికి ఆర్‌పీఎం, అంటే ఇంజిను నిమిషానికి తిరిగే చుట్లు, 5 శాతం తగ్గుతుంది కదా, డీజిల్ ఆదా కాదా అని కొందరు అడుగుతారు. కొంత అవుతుంది. కానీ అక్కడ అసలు శత్రువు గాలి. 80 నుంచి 100కి వెళ్తే గాలి నిరోధం 56 శాతం పెరుగుతుంది. లిఫ్ట్ కిట్ వేసి బండి ఎత్తు పెంచినా, పైన క్యారియర్ బిగించినా అది ఇంకా ఎక్కువవుతుంది. మీటరు 100 చూపినప్పుడు మునుపటికంటే 5 శాతం వేగంగా పోతున్నారన్నది కూడా మరచిపోవద్దు. ఇక బురదదారుల కోసం చేసే మడ్ టెరైన్ టైర్ల బొడిపెలు తారురోడ్డు మీద శక్తిని తినేస్తాయి. పొలాలకు, కొండదారులకు వెళ్లనివాళ్లు అవి ఎందుకు వేయిస్తారో నాకిప్పటికీ అర్థం కాదు.

మిగతా మార్పులు

బండి ముందు రక్షణగా బిగించే లోహపు కడ్డీల చట్రం, బుల్ బార్, బరువు, గాలి నిరోధం రెండూ పెంచుతుంది. 2017 డిసెంబరులో కేంద్ర రవాణా శాఖ దాన్ని చట్టవిరుద్ధమని రాష్ట్రాలకు చెప్పింది కూడా. కంపెనీ ఇచ్చిన మూల ప్రమాణాలకు తేడా వచ్చేలా బండిని మార్చకూడదని 2019 జనవరిలో సుప్రీంకోర్టు అంది. టైరు సైజు విషయంలో కూడా ఆర్టీఏ వాళ్లను, బీమా వాళ్లను ముందే అడగడం మేలు. ఈసీయూ రీమ్యాప్ చేయిస్తే, అంటే ఇంజినును నడిపే కంప్యూటరు సెట్టింగులు మార్పిస్తే, టార్క్ (లాగే బలం) పెరుగుతుంది. మెల్లగా తోలితే మైలేజీ కొంచెం పెరగవచ్చు, కానీ పెరిగిన టార్క్ చేతిలో ఉన్నాక మెల్లగా తోలేది ఎవరు? పొగ వడకట్టే ఫిల్టరును తీయించమనే మెకానిక్ మాట మాత్రం వినకండి.

చివరిగా పాత లెక్కనూ ఒకసారి అనుమానించండి. పాత టైరు అరిగిపోయి 8 మిల్లీమీటర్ల గాడి 2కి వచ్చిందంటే, టైరు ఎత్తు 12 మిల్లీమీటర్లు తగ్గినట్టు. అప్పుడు మీటరు 1.6 శాతం ఎక్కువ చూపించింది. మీ పదమూడు నిజానికి 12.8. ఇప్పుడు పోల్చితే నష్టం 9 శాతానికి దిగింది. దాంట్లోనూ కొంత కొత్త టైరు కావడం వల్లే. గాడి నిండుగా ఉన్న టైరు అరిగినదాని కంటే బరువుగా దొర్లుతుంది కాబట్టి, పాత సైజులోనే కొత్తవి వేయించినా కొంత తగ్గేదే.